ఏడో ప్రశ్నకు జవాబు

మేడ్చల్,
28 నవంబరు 2004.

చెల్లె పద్మలతకు,

అన్న బాలరాజు దీవెనలు. ఫోన్‌లో నీ గొంతు వినబడగానే మీటరు తిరుగుతోందన్న కంగారులో అడగాల్సినవన్నీ మరిచిపోతున్నాను. అందుకే ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. చలికి తట్టుకునే బట్టలున్నాయో లేవో అడగమని మీ వదిన విజయమ్మ పక్కనే కూర్చుని చెబుతోంది. శామీర్‌పేట మీదుగా బస్సులో పోయినప్పుడల్లా మీ లా కాలేజీ గేటు చూపించి, "మా చెల్లె గీడనే పాఠాలు చెప్తది. ఇప్పుడు ఇన్సూరెన్సు చట్టం మీద రీసెర్చి చేస్తందుకు జర్మనీ పోయింది" అని పక్క సీటు వాళ్ళతో అంటుంటాను. పద్నాలుగేళ్ళుగా నేను అమ్మేది ఇన్సూరెన్సు, నువ్వు చదివేదీ అదే. నాయిన బతికుంటే, కుట్టుమిషను ఇంట్లో పుట్టి ఇద్దరికీ ఒకే పిచ్చి ఎలా పట్టిందని నవ్వేవాడు.

ఇప్పుడు నీ చదువుతో పని పడింది. లాల్‌గడి మలక్‌పేట్ భిక్షం అన్న ఆగస్టులో ద్రాక్షతోటలో మోటారు స్టార్టరు పట్టుకుని కరెంటు షాకుతో పోయిన సంగతి నీకు చెప్పాను. ఆయనకు ఒక పాలసీ ఉంది. పోయినేడు మార్చిలో తీసుకున్నాడు. బాలనర్సమ్మ వదిన క్లెయిము కాగితాలు పెట్టుకుంది. మొన్న కంపెనీ నుంచి ఇంగ్లీషులో జవాబొచ్చింది. పాలసీ చెల్లదట. ఆయనకు అంతకు మూడేళ్ళ ముందు టీబీ వచ్చిందట. ప్రపోజల్ ఫారంలో ఏడో ప్రశ్నకు 'లేదు' అని రాయించి దాచాడట.

వదిన ఆ కాగితం నాతో చదివించుకుంది.  తర్వాత, "దగ్గుకు, కరెంటుకు ఏం సంబంధం బాలరాజు?" అంది. కాగితం మడిచి ఆమె చేతికిచ్చాను.

పాలసీ చేసిన ఏజెంటు ఎవరో నాకు సరిగ్గా తెలియదు. కొంపల్లి వైపు మనిషని విన్నాను. ఆ సంగతి అలా ఉంచి, మీ చట్టం ఏమంటుందో రాయి. నీతో ఉన్న పెద్దవాళ్ళను కూడా అడుగు. పెద్ద పెద్ద దేశాల వాళ్ళంతా ఒకచోట కూర్చున్నారు కదా, ఈ ఒక్క ముడి విప్పలేరా?

మీ అన్న,
బాలరాజు

*

హాంబర్గ్,
19 డిసెంబరు 2004.

ప్రియమైన అన్నకు,

నీ ఉత్తరం అందిన రోజే మా మీటింగులో భిక్షం అన్న సంగతి చెప్పాను.

మేమిక్కడ ఏం చేస్తున్నామో నీకు ఎప్పుడూ సరిగా చెప్పలేదు. పదకొండు దేశాల నుంచి వచ్చిన పద్నాలుగు మందిమి. ఇన్సూరెన్సు తీసుకునే మనిషి కంపెనీకి ఏం చెప్పాలి, చెప్పకపోతే ఏమవ్వాలి అన్నది మా ముందున్న ప్రశ్న. ఎవరి దేశపు చట్టం వాళ్ళు రాసుకొచ్చి బల్ల మీద పెడతారు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి, ఏ దేశమైనా తీసుకోదగ్గ నియమాలు రాయాలన్నది ప్రయత్నం. ఒక్కోసారి ఒక్క మాట దగ్గరే మూడు రోజులు గడిచిపోతాయి. మాకు పెద్ద ప్రొఫెసర్ ఆన్నెగ్రెట్. అరవై దాటిన మనిషి, కోపం ఎక్కువ, పని అంతకంటే ఎక్కువ.

నేను చెప్పింది విని ఆవిడ కళ్ళద్దాలు తీసేసింది. సరిగ్గా బాలనర్సమ్మ వదిన అడిగిందే అడిగింది. ఇక్కడి చట్టంలో, దాచిన జబ్బుకూ వచ్చిన చావుకూ సంబంధం లేదని తేలితే కంపెనీ ఇచ్చి తీరాలి. మన దగ్గర అలా కాదు. పాలసీ తీసుకున్న రెండేళ్ళ లోపల మనిషి పోతే, ఫారంలో ముఖ్యమైన జవాబు తప్పని చూపిస్తే చాలు. ఎలా పోయాడని ఎవరూ అడగరు. భిక్షం అన్న పదిహేడో నెలలో పోయాడు.

ఆ మాట నేను చెప్పినప్పుడు గదిలో అందరూ నా వైపు చూశారు. ఆ చట్టం నేనే రాసినట్టు సిగ్గేసింది.

కానీ దారి లేకపోలేదు. భిక్షం అన్నకు చదువు రాదు. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. నింపింది ఎవరు? ప్రశ్న తెలుగులో చదివి చెప్పారా? ఆయన ఏం చెప్పాడు, వాళ్ళు ఏం రాశారు? అదంతా తెలియాలి. ఫారం కాపీ కంపెనీ దగ్గర అడిగి తీసుకోవచ్చు. తీసుకుని నాకు పంపు.

ఒక్క మాట అడుగుతాను. చిన్నప్పటి నుంచి ఒక కంచంలో తిన్నారు మీరిద్దరూ. ఊరి పక్కనే నువ్వుండగా ఆయన కొంపల్లి ఏజెంటు దగ్గరికి ఎందుకు పోయాడు?

నీ చెల్లె,
పద్మలత

*

మేడ్చల్,
16 జనవరి 2005.

చెల్లె పద్మలతకు,

వినియోగదారుల ఫోరంలో కేసు వేశాం. మేడ్చల్ బస్టాండు వెనక ఉండే వకీలు కృష్ణారావు గారు చూస్తున్నారు. పాత మనిషి, ఫీజు కోసం పీడించే రకం కాదు.

కంపెనీ దగ్గర ఉన్న సాక్ష్యం ఒక్క ఆసుపత్రి చీటీ. మందులిచ్చినట్టు రాసి, పైన 'భిక్షం, 40' అని ఉంది. తండ్రి పేరు లేదు, ఊరి పేరు లేదు. కృష్ణారావు గారు అది చూసి నవ్వారు. "గీ జిల్లాల భిక్షాలకేం కరువా? గీ చీటీ మీ భిక్షందే అని కంపెనీ రుజువు చేసుకోవాలె. చేస్కోలేదు" అన్నారు.

ఫారం కాపీ అడిగావు కదా, రెండు పేజీలు దొరికాయి. ఇందులో పెట్టాను. మిగిలింది జిరాక్సులో సరిగా రాలేదు.

వదిన రోజూ కూలికి పోతోంది. తోటలు తీసేసి ప్లాట్లు చేస్తున్నారు కాబట్టి పని కూడా తక్కువే. కూతురు సుస్మిత తొమ్మిదిలో ఉంది. పోయిన బుధవారం వెళ్ళినప్పుడు వదిన పొయ్యి దగ్గర కూర్చుని ఆయన్నే తిడుతోంది. "గంత దోస్తువి, నీకన్న ఒక్క మాట చెప్పకపాయె. సిగ్గుపడ్డడు కావచ్చు. చెప్పుకుంటే నెత్తిన గిది పడకపోవు. పోయినోణ్ణి తిట్టొద్దంటరు గాని, నాకు తిట్టబుద్ధైతాంది" అంది. నేను చాయ్ తాగి వచ్చేశాను.

అక్కడ మంచు పడుతోందా? ఉంటాను.

బాలరాజు

*

హాంబర్గ్,
2 ఫిబ్రవరి 2005.

అన్నకు,

రెండు పేజీలు అందాయి.

నాయిన దుకాణంలో చీటీల మీద ఛాతీ, నడుము, చేతుల కొలతలు నువ్వే రాసేవాడివి. ఏడు అంకె మధ్యలో అడ్డగీత పెట్టేవాడివి. ఒకటితో కలిసిపోయి ఎవరిదో చొక్కా బిగుతైతే నాయిన కొట్టాడు, అప్పటి నుంచి నీకు ఆ అలవాటు. ఈ ఫారంలో ఏడు వచ్చిన ప్రతిచోటా ఆ గీత ఉంది.

మూడో పేజీ కింద ఏజెంటు సంతకం ఉంటుంది. నువ్వు పంపనిది అదే.

ఆయన నీకు చెప్పాడా, లేదా? అది ఒక్కటి రాయి.

పద్మలత

*

మేడ్చల్,
20 ఫిబ్రవరి 2005.

చెల్లెకు,

చెప్పాడు.

మార్చి ఇరవై తొమ్మిది ఆ రోజు. ఏడాది టార్గెటుకు నాకు రెండు పాలసీలు తక్కువున్నాయి. అవి కాకపోతే పదేళ్ళుగా నిలబెట్టుకున్న పెద్ద ఏజెంట్ల క్లబ్ మెంబరు హోదా పోయేది. భిక్షం అన్న తోటలో తీగలు కడుతున్నాడు. నేనే వెళ్ళి, సుస్మిత పెళ్ళికో చదువుకో పనికొస్తుందని బతిమాలాను. నిచ్చెన దిగి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. నేను ప్రశ్నలు చదువుతూ రాసుకుంటూ పోయాను. ఏడోది చదివాను.

"టీబీ అయింది గద బాలరాజు. ఆర్నెల్లు గోలీలు మింగిన. నీకు తెల్వదా, నువ్వే రెండు సార్లు బండి మీద దవాఖానకు తోల్కపోతివి. గది గూడ రాస్తరా?" అన్నాడు.

"ఇప్పుడు తక్కువైంది గద. రాస్తే ఎక్స్‌రేలంటరు, రక్తమంటరు, మార్చి దాటుతది. ఏం గాదు, వేలుముద్ర పెట్టు" అన్నాను.

"నీ ఇష్టం. నువ్వు చెప్తే పెట్టనా?" అన్నాడు. బొటనవేలికి ద్రాక్షాకుల పసరు ఉంది. లుంగీకి తుడుచుకుని పెట్టాడు.

ఇంతే జరిగింది. వదినకు ఫారం నేను నింపానని తెలుసు. ఆయన నాకు చెప్పాడని తెలియదు. నా ముందు ఆయన్ను తిడుతుంటే వింటూ కూర్చుంటున్నాను. నీకు అబద్ధం రాసింది కూడా, నువ్వు లాయర్‌వని కాదు, చెల్లెవని.

కృష్ణారావు గారికి మొన్న అంతా చెప్పాను. తలుపు దగ్గరికి వేసి, "ఇది నాకు చెప్పలేదనుకో. నువ్వు నోరు తెరవకుంటే గెలుస్తం. ఆ చీటీతోటి వాళ్ళేం చేయలేరు. నువ్వు సాక్ష్యానికి రాకు, ఇంట్ల కూసో" అన్నారు.

నాకు నిద్ర పట్టడం లేదు. చెబితే ఏజెన్సీ పోతుంది. ఈ వయసులో నాకు ఇంకో పని రాదు. చెప్పకపోతే ఆ పొయ్యి దగ్గర కూర్చోలేను. నువ్వు చట్టం చదివినదానివి. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

బాలరాజు

*

హాంబర్గ్,
13 మార్చి 2005.

ప్రియమైన అన్నకు,

కోపం పోలేదు. అయినా నిజం రాశావు, అది చాలు ఇప్పటికి.

నీ పేరూ ఊరి పేరూ తీసేసి ఈ సంగతంతా గ్రూపులో పెట్టాను. రెండు రోజులు దీని మీదే వాదించాం. జపాన్ నుంచి వచ్చిన మొరితా గారు మామూలుగా నోరు విప్పరు. ఆయనే ముందు మాట్లాడారు. కంపెనీ తన గుర్తింపు కార్డు ఇచ్చి మనిషిని తోటల్లోకి పంపింది, పాలసీ తెస్తే తనదని తీసుకుంది, మరి ఆ మనిషి చెవిన పడిన మాట మాత్రం తనది కాదని ఎలా అంటుంది అన్నారు. ఆ రోజే నియమం రాశాం. ఏజెంటుకు తెలిసింది కంపెనీకి తెలిసినట్టే. పద్నాలుగు చేతులూ లేచాయి. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

కృష్ణారావు గారి సలహా నాకు నచ్చలేదు. ఆయన దారిలో పోతే గెలుపు ఒక అబద్ధం మీద నిలబడుతుంది. ఆ చీటీ వేరే భిక్షానిదని వదిన అబద్ధపు ప్రమాణం చేయాల్సి వస్తుంది పాపం. ఆసుపత్రి రిజిస్టరు నుంచి రేపు ఇంకో కాగితం దొరికితే అన్నీ పోతాయి. నువ్వు నిజం చెబితే మాత్రం, దాచింది భిక్షం అన్న కాదని తేలుతుంది. ఆయన నిజాయితీగా చెప్పాడు, విన్నది కంపెనీ మనిషి. చాలా దేశాల్లో ఇంతటితో కేసు ముగుస్తుంది.

ఇండియాలో ఒక్క ఫోరం ఈ మాట ఒప్పుకుంటే మా నియమానికి ఎంత బలం వస్తుందో తెలుసా అని ఆన్నెగ్రెట్ అంది. కృష్ణారావు గారికి ఇవ్వడానికి ఆరు దేశాల తీర్పుల సారాంశం తయారు చేసి ఇందులో పెట్టాను.

భయపడకు. వెళ్ళి చెప్పు. నేను చెబుతున్నాను కదా.

నీ చెల్లె,
పద్మలత

*

మేడ్చల్,
30 జూన్ 2005.

చెల్లె పద్మలతకు,

చెప్పాను.

కృష్ణారావు గారు చివరిదాకా వద్దన్నారు. నీ కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, "మీ చెల్లె మస్తు చదివింది, కాదంటలేను. గీ ఆరు దేశాల జడ్జీలు మన ఫోరంల కూసుంటరా?" అన్నారు. చెల్లె చెప్పింది సార్ అన్నాను.  అఫిడవిట్ రాసి నా సంతకం తీసుకున్నారు.

విచారణ రోజు ఫోరం ప్రెసిడెంటు గారు అది చదివి నన్ను నిలబడమన్నారు.

"ఏడో ప్రశ్న మీరు ఆయనకు తెలుగులో చెప్పారా?"

"చెప్పిన సార్."

"ఆయన ఏమన్నాడు?"

"టీబీ అయి తక్కువైందన్నడు సార్."

"మీరేం రాశారు?"

"లేదని రాసిన."

కంపెనీ వకీలు పడుచువాడు. అప్పటిదాకా ఆ చీటీ పట్టుకుని నానా తంటాలు పడుతున్నాడు. లేచి నిలబడి, "మేం ఇంకేమీ అడగాల్సింది లేదు సార్" అని కూర్చున్నాడు. కృష్ణారావు గారు ఫైలు తాడు కట్టుకున్నారు. 

వదినకు ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పాలనే మూడు సార్లు వెళ్ళి చాయ్ తాగి వచ్చాను. ఆమె ఆ రోజు వెనక బెంచీ మీద ఉంది. బయట వరండాలోకి వచ్చాక నా ముందుకొచ్చి నిలబడింది.

"మా ఆయన నీకు చెప్పిండా?"

"చెప్పిండు వదినా."

"తోటల చెప్పిండా? నోటితోని?"

"ఆ."

"మరి ఏడు నెల్లసంది నేను ఆయన్ను తిడుతుంటె నువ్వెట్ల విన్నవు?"

నేను ఏదో అనబోయాను. ఆమె వినలేదు. గోడ వైపు తిరిగి కొంగు నోట్లో పెట్టుకుని, "నా తండ్రీ, నా తండ్రీ" అని ఆయన్ను పిలిచి ఏడ్చింది. చచ్చిన రోజు కూడా అలా ఏడవలేదు. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది, శామీర్‌పేట దాకా నిలబడే వచ్చింది.

మంచి పనే చేశానంటావా? ఆర్డరు ఇంకా రావాలి.

బాలరాజు

*

మేడ్చల్,
11 సెప్టెంబరు 2005.

పద్మలతకు,

కేసు కొట్టేశారు.

ఆర్డరు ఇంగ్లీషులో ఉంది. కృష్ణారావు గారు చదివి తెలుగులో చెప్పారు. ఆసుపత్రి చీటీ ఒక్కటే అయితే అనుమానం ఉండేదట. ఏజెంటే ఒప్పుకున్నాడు కాబట్టి జబ్బు ఉందని రుజువైందట. ఇక ఏజెంటుకు చెప్పాడు కదా అంటే, ఫారం నింపేటప్పుడు ఏజెంటు పాలసీ తీసుకునే మనిషి తరఫున నింపినట్టే తప్ప కంపెనీ తరఫున కాదట. ఇది కొత్త సంగతి కాదట. పై కోర్టు ఎప్పుడో చెప్పిన పాత తీర్పట. వకీళ్ళందరికీ తెలిసిందేనట.

అంటే భిక్షం అన్న ఆ రోజు గట్టు మీద నాకు చెప్పింది, చట్టం లెక్కలో తనతో తాను చెప్పుకున్నట్టు.

నా ఏజెన్సీ పోయిన నెలలోనే తీసేశారు. దానికి నేను ఏడవడం లేదు. నేను నోరు మూసుకుని ఉంటే వదిన గెలిచేది. ఆయన బతికుండగా ఒకసారి, పోయాక ఒకసారి ముంచాను.

ఒక్కటే అడుగుతాను. ఆ పాత తీర్పు సంగతి మార్చిలో ఉత్తరం రాసేనాటికి నీకు తెలుసా? తెలియదని రాస్తే నమ్ముతాను.

బాలరాజు

*

హాంబర్గ్,
1 అక్టోబరు 2005.

అన్నకు,

తెలుసు.

ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో మన దేశం మీద నేను రాసిచ్చిన రిపోర్టులోనే ఆ తీర్పు ఉంది. నీకు ఉత్తరం రాసిన రోజు ఆ రిపోర్టు నా బల్ల మీదే ఉంది.

ఇన్నేళ్ళు గడిచాయి, కాలం మారింది, ఫోరంలు పేదవాళ్ళ కోసం పెట్టినవి, ఎవరో ఒకరు ధైర్యం చేసి ఆ తీర్పును పక్కన పెడతారనుకున్నాను. పెట్టరేమో అని కూడా అనుకున్నాను. ఆ రెండో మాట నీకు రాయలేదు. రాస్తే నువ్వు వెళ్ళి చెప్పేవాడివి కాదు. పద్నాలుగు చేతులు లేచిన రోజు నా చెయ్యి కూడా అందులో ఉందని గర్వపడ్డాను. మన ఊరి కేసుతో ఆ నియమం నిలబడాలని కోరుకున్నాను. వదిన కోసం ఎంత, నా కోసం ఎంత అని ఇప్పుడు విడదీయలేను.

నిజం చెప్పించానని నాకు నేను చెప్పుకోవడానికి కూడా లేదు. నిన్ను నిజం చెప్పమన్న ఉత్తరంలోనే నేను నిజం దాచాను. నువ్వు నిజం చెప్పి పోగొట్టుకున్నావు, నేను దాచి ఇక్కడే కూర్చుని ఉన్నాను.

అప్పీలు వేద్దాం. నేనే రాస్తాను. ఆన్నెగ్రెట్, మొరితా గారు కూడా సాయం చేస్తామన్నారు. కృష్ణారావు గారిని అడుగు. నా మీద కోపంతోనైనా అడుగు.

పద్మలత

*

శామీర్‌పేట,
18 నవంబరు 2007.

అన్నకు,

రెండేళ్ళుగా నాకు నీ నుంచి ఒక్క ఉత్తరం లేదు. నేను తిరిగి వచ్చి ఏడాదిన్నర దాటింది. శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు అరగంట కూడా పట్టదు. ఎప్పుడొచ్చినా నువ్వు ప్లాట్లమ్మే వెంచరు దగ్గరికి పోయావని వదిన విజయమ్మ చెబుతుంది. వాకిట్లో నీ చెప్పులు కనబడుతుంటాయి. అందుకే మళ్ళీ కాగితం మీదికి వచ్చాను.

అప్పీలు పోయిన నెలలో కొట్టేశారు. నలభై పేజీలు రాశాం. పదకొండు దేశాల నుంచి సంగతులు తెచ్చాం. నాలుగు వాక్యాల్లో తీర్పిచ్చారు. పై కోర్టు మాట మాకు శిరోధార్యం అన్నారు. ఇంకా పైకి పోవచ్చు. కృష్ణారావు గారు చేతులు జోడించి, "ఇగ చాలమ్మా, ఆ బాలనర్సమ్మను వదిలెయ్" అన్నారు.

మా పుస్తకం వచ్చింది. పోయిన వారం గ్రూపు అంతా మా కాలేజీలో మూడు రోజులు కలిశాం. ఆ నియమం సంగతి నీకు చెప్పాలి. చివరి కూర్పులో రెండు దేశాల వాళ్ళు వెనక్కి తగ్గారు. వాళ్ళ దగ్గరి కంపెనీలు ఒప్పుకోవన్నారు. 'తెలిసినట్టే' అన్నదాన్ని 'తెలిసినట్టు భావించవచ్చు' అని మార్చాం. మళ్ళీ చేతులెత్తాం. నేనూ ఎత్తాను. ఎత్తకపోతే ఆ మాత్రం కూడా మిగలదన్నారు.

ఆన్నెగ్రెట్ బాలనర్సమ్మ వదినను చూస్తానని పట్టుబట్టింది. వద్దన్నాను, వినలేదు. కాలేజీ కారులో లాల్‌గడి మలక్‌పేట్ తీసుకుపోయాను. వదిన మంచం వాల్చి దుప్పటి పరిచింది. నాతో మాత్రం ముక్తసరిగా మాట్లాడింది.

"ఈమె పెద్ద జడ్జా?"

"కాదు వదినా. ప్రొఫెసర్. చట్టాలు ఎట్లుంటే బాగుంటదో రాస్తది."

"తీర్పు మారుస్తదా?"

"మార్చలేదు."

ఆన్నెగ్రెట్ వదిన చెయ్యి పట్టుకుని, "మా దేశంలో అయితే మీరు గెలిచి ఉండేవారు" అంది. కళ్ళనిండా నీళ్ళు. నేను అది తెలుగులో చెప్పాను.

వదిన నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుంది. "గా మాట నాకెందుకు చెప్తున్నరు?" అంది.

ఏమంది అని ఆన్నెగ్రెట్ అడిగింది. ఇంత దూరం వచ్చినందుకు సంతోషమంది అని చెప్పాను.

సుస్మిత ఇంటర్‌లో చేరి మానేసింది. జీడిమెట్లలో ప్యాకింగు పని దొరికిందట. చదువు ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. వదిన తల అడ్డంగా ఊపింది. అంతే.

క్షమించమని అడగడం లేదు అన్నా. ఒకసారి ఇంట్లో ఉండు, వస్తాను.

పద్మలత

*

లాల్‌గడి మలక్‌పేట్,
9 డిసెంబరు 2007.

పద్మలతకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు వారాలు తిరిగాను. ఇది వెంచరు ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను. భిక్షం అన్న పని చేసిన తోట తీసేశారు. ఇప్పుడు అందులో సున్నం గీతలు గీసి, కార్లలో వచ్చిన వాళ్ళకు ఇది తూర్పు ముఖం, ఇది మూల మీది బిట్టు అని చూపిస్తుంటాను. మోటారు ఉన్న చోట ఆర్చి కట్టారు.

నీ మీద కోపం ఉండేది. ఇప్పుడు అది కూడా లేదు. నువ్వు రాయకపోయినా, ఏదో ఒకనాడు ఆ పొయ్యి దగ్గర నేను చెప్పేసేవాణ్ణేమో. చెప్పేవాణ్ణి కాదేమో. తెలియదు. నువ్వు దాచిందీ నేను దాచిందీ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని కొలవడం నా వల్ల కాదు. ఇంటికి రా. వస్తే వెళ్ళిపోను. కానీ మనం మాట్లాడుకునేది ఏమీ లేదు.

నీకు తెలియాల్సింది ఒకటుంది. బాలనర్సమ్మ వదిన ఊరు విడిచిపోయింది. ఇల్లు అమ్మేసి, సుస్మిత పనికి దగ్గరని గాజులరామారంలో ఒక గది కిరాయికి తీసుకుంది. పోయిన సోమవారం పొద్దున ట్రాలీ వచ్చిందని తెలిసి వెళ్ళాను. ఫోరం వరండా తర్వాత నేను ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. సామాను ఎత్తడానికి ఇద్దరు కూలీలను పిలిపించుకుంది. యాదయ్య, బక్కయ్య, మన మేడ్చల్ అడ్డా మీది వాళ్ళే.

నేను చెప్పులు విడిచి లోపలికి పోయాను. ఆమె గిన్నెలు మూట కడుతోంది. తలెత్తి చూసింది. పొమ్మంటుందని నిలబడ్డాను. పొమ్మనలేదు. "ఆ బీరువా బరువుంటది. ముగ్గురు పట్టాలె" అంది.

ఆ మాటకు నాకు ఎంత బలం వచ్చిందో చెప్పలేను. బీరువా నేనే ముందు పట్టాను. మంచాలు, బియ్యం డబ్బా, భిక్షం అన్న నిచ్చెన, అన్నీ మోశాను. రెండు గంటల పని. చొక్కా తడిసిపోయింది. సుస్మిత చెంబుతో నీళ్ళు తెచ్చి యాదయ్యకు, బక్కయ్యకు, నాకు వరసగా పోసింది. తాగుతూ, ఇక పర్వాలేదు, ఏదో ఒకనాడు మళ్ళీ వదినా అని పిలవొచ్చు అనుకున్నాను.

తాళం వేసి, తాళంచెవి కొన్నవాళ్ళ మనిషికి ఇచ్చింది. కొంగు ముడి విప్పి యాదయ్య చేతిలో యాభై పెట్టింది. బక్కయ్య చేతిలో యాభై పెట్టింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. ఇంకో యాభై తీసి నా వైపు చాపింది.

"వదినా, నాకెందుకు?" అన్నాను.

"పని చేసినవు గద" అంది. కోపం లేదు, ఏడుపు లేదు. అంగట్లో ఎవరితోనో మాట్లాడినట్టు అంది.

యాదయ్య, బక్కయ్య చూస్తున్నారు. ట్రాలీ డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. ఆమె చెయ్యి అలాగే చాపి ఉంది.

తీసుకున్నాను.

బాలరాజు